జీతం పెరిగింది, ఇంటి రేటే పెరగలేదు

బాగా చదువుకో, మంచి ఉద్యోగం తెచ్చుకో, ఇల్లు కొనుక్కో, ఆస్తి దానంతట అదే పెరుగుతుంది అని అమెరికా అందరికీ చెబుతుంది. ఆ మాట ఎంత డొల్లో తెలియాలంటే పేదల బస్తీలకు పోనక్కర్లేదు, వాషింగ్టన్ పక్కన, మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న ప్రిన్స్ జార్జెస్ కౌంటీ చూస్తే చాలు. ఫెడరల్ ఉద్యోగులు, లాయర్లు, డాక్టర్లు, దేశంలోనే బాగా బతికే నల్లజాతి కుటుంబాలు అక్కడున్నాయి. అందరూ చెప్పినవన్నీ చేశారు. మరి ఆస్తి పెరిగిందా?

2018లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. నల్లవాళ్లు సగం మంది ఉన్న పేటలో ఇల్లు, దాదాపుగా లేని పేటలోని అలాంటి ఇంటికన్నా 23 శాతం తక్కువ పలుకుతోంది. ఇంటికి సగటున 48 వేల డాలర్లు, మొత్తం 15,600 కోట్ల డాలర్ల నష్టం. స్కూళ్లు బాగోవు, సౌకర్యాలు ఉండవు, అందుకే రేటు తక్కువ అంటారు కొందరు. ఇంటి నాణ్యత, చుట్టుపక్కల సౌకర్యాల తేడాలు తీసేశాక మిగిలిందే ఆ 23 శాతం.

రేటు కట్టే పద్ధతిలోనే మెలిక ఉంది. ఇంటికి విలువ కట్టే అప్రైజర్ చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన ఇళ్ల ధరలు చూసి ఈ ఇంటి ధర చెబుతాడు. 1930లలో ప్రభుత్వ మ్యాపుల్లో ఎర్రరంగు పూసి నల్లవాళ్ల పేటలకు అప్పులు పుట్టకుండా చేసిన పాపం అలా ఒక అమ్మకం నుంచి ఇంకో అమ్మకానికి పాకుతూ వస్తోంది. దానికి తోడు రేటు కట్టే మనిషి చూపు ఒకటి. 2020లో కాలిఫోర్నియాలోని మరిన్ సిటీలో ఓ నల్లజాతి జంట ఇంటికి 9 లక్షల 95 వేల డాలర్లని విలువ కట్టారు. వాళ్లు గోడల మీది ఫ్యామిలీ ఫొటోలు తీసేసి, తెల్లజాతి స్నేహితురాలిని యజమానిగా నిలబెడితే, కొద్ది వారాలకే అదే ఇల్లు 14 లక్షల 80 వేలు దాటింది! గోడలు మారలేదు, ఫొటోలే మారాయి.

2008 సంక్షోభంలో మేరీలాండ్‌లో అందరికన్నా ఎక్కువగా ఇళ్లు పోగొట్టుకున్నదీ ప్రిన్స్ జార్జెస్ వాళ్లే. మామూలు లోన్‌కు అర్హత ఉన్న నల్లవాళ్లకు కూడా ఖరీదైన లోన్లు అంటగట్టారన్న కేసులో వెల్స్ ఫార్గో బ్యాంకు 2012లో 17.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. తెల్లవాళ్ల కుటుంబానికి 2,85,000 డాలర్ల ఆస్తి, నల్లవాళ్ల కుటుంబానికి 44,900 అని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలోని మధ్యస్థ లెక్క (సగటు కాదు, సరిగ్గా మధ్యలో ఉన్న కుటుంబం ఆస్తి) చెబుతుంటే ఆశ్చర్యమెందుకు?

ఇక మనవాళ్ల సంగతి. అదే వాషింగ్టన్ చుట్టుపక్కల, పొటోమాక్ నదికి ఇవతల, వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌లో ఇళ్లు కొనే మన తెలుగువాళ్లు మేరీలాండ్ వైపు మాటొస్తే "ఆ ఏరియా వద్దులే, రీసేల్ ఉండదు" అనేస్తారు. రీసేల్ లేకుండా చేసేది ఎవరు? కొననివాళ్లే కదా, అంటే మనమూ అందులో ఉన్నాం. మనకు ఆ దేశం తలుపు తీసిన 1965 వలస చట్టం, ఇల్లు అమ్మేవాడు రంగు చూసి కాదనకూడదన్న 1968 చట్టం నల్లవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి తెచ్చిన మార్పు గాలివల్లే వచ్చాయి. వాళ్ల మనవళ్ల ఇళ్లకు మాత్రం రీసేల్ లేదట.