తప్పెట రొమ్ముకు తగిలాక

శ్రీకాకుళం జిల్లాలోని ఒక సర్కారు బడికి ఆ మధ్య తప్పెటగుళ్ల కళాకారుడొకాయన వచ్చారు. రొమ్ముకు కట్టుకున్న తప్పెటను వాయిస్తూ పాడి ఆడే జానపద కళ అది. ఆయన దరువు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. రొమ్ము మీది రేకు తప్పెట విప్పి ఏడో తరగతి కుర్రాడికి కట్టబోతే, వాడు "నాకు పాట రాదండి" అని వెనక్కి జరిగాడు. "రాకపోతే ఏటిరా, చేతులున్నాయి కదా!" అన్నారాయన. రెండు అరచేతులతో కొట్టగానే శబ్దం పక్కటెముకల్లో మోగింది. వాడి ముఖం మారిపోయింది.

పన్నెండేళ్లకే "నాకు రాదు" అన్న మాట ఎక్కడ నేర్చుకున్నాడు? టీవీ పోటీల్లో పాడినవాళ్లకు మార్కులు వేసి ఇంటికి పంపడం చూశాడు. బడిలో ఆగస్టు 15 వచ్చిందంటే గొంతు బాగున్న ఇద్దరినే పిలుస్తారు. మిగతావాళ్లకు సంగీతం ఫోన్లో వినేది, అంతే. ఆ పెద్దాయన నేర్పుతూ తానే ఒకసారి అడుగు తప్పారు. నవ్వి, మళ్లీ మొదలెట్టారు. పిల్లల బెరుకు అక్కడే పోయింది. పాఠ్యపుస్తకం ఈ పని చేయలేదని నా గట్టి నమ్మకం.

విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడు. కచేరీలు చేసేవాళ్లే పాఠం చెప్పారు. ఘంటసాలను ఆ కళాశాల గాత్ర ఆచార్యుడు పట్రాయని సీతారామశాస్త్రి ఇంట్లో పెట్టుకుని నేర్పారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను వీణగా తొలిచే చోటికి పిల్లల్ని తీసుకెళ్లండి. మైనంలో 24 మెట్లు అమర్చేటప్పుడు ఒక మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. అపస్వరం అంటే ఏమిటో వాళ్ల చెవికే తెలుస్తుంది.

అయితే ఒక్కరోజు శిబిరం పెట్టి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపేస్తే ఆ ఉత్సాహం ఎన్నాళ్లుంటుంది? శనివారాల్లో పుస్తకాల సంచి లేకుండా బడికొచ్చే నో బ్యాగ్ డే ఉంది కదా. నెలకు రెండుసార్లు అదే కళాకారుణ్ని పిలవాలి. బస్సు ఛార్జీ, ఆ రోజు కూలికి తగ్గని గౌరవ వేతనం చేతిలో పెట్టాలి. నాలుగు తప్పెటలు బడిలోనే ఉండాలి. వీణను సంగీతమని, తప్పెటను వినోదమని పిల్లల ముందు విడదీసి చెప్పడం కూడా మానాలి.

వారం తర్వాత మళ్లీ ఆ బడికి వెళ్లాను. మధ్యాహ్న భోజనం వరుసలో ఆ కుర్రాడు ఖాళీ కంచం రొమ్ముకు ఆనించుకుని అదే దరువు వేస్తున్నాడు. నన్ను చూసి ఆపి, "ఆ తాత మళ్లీ ఎప్పుడొస్తాడండి?" అని అడిగాడు.