వెయ్యి నోటు మీంచి జారిన కొండ

ఒక ఊరి పరపతి ఎంతో తేలాలంటే దాని బొమ్మ ఏ నోటు మీదుందో చూడాలి. ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో ప్రావిన్సులో బనావే అనే కొండ ఊరుంది. జనాభా సుమారు 20 వేలు. అక్కడి మెట్ల మడులు 1991లో వెయ్యి పెసోల నోటు వెనకకెక్కాయి. 2010లో కొత్త నోట్లు వచ్చినప్పుడు వాటిని ఇరవై నోటు మీదికి దించారు. 2019లో ఇరవై నోటుకు బదులుగా నాణెం తెచ్చారు. నాణెం మీద దేశాధ్యక్షుడి భవనం ఉంది, మడులు లేవు. వాన చినుకు పడకుండా, రాయి దొర్లకుండా, ఇంత పద్ధతిగా విరిగిపడిన కొండచరియను భూగర్భ శాస్త్రజ్ఞులు ఎందుకు పట్టించుకోలేదో నాకు అర్థం కాదు.

ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకుంది. అక్కడ రెండు రాత్రులు పడుకుని వచ్చాను. మనీలాలో డాక్టరీ చదువుతున్న మా మేనల్లుడు “స్వెట్టర్ పెట్టుకో మావయ్యా” అంటే, కొబ్బరిచెట్ల దేశంలో స్వెట్టరేమిట్రా అని నవ్వాను. రాత్రి బస్సు ఏసీలో తొమ్మిది గంటలు, కోల్డు స్టోరేజీలో మిరపకాయ బస్తాలా ప్రయాణించి, తెల్లారేసరికి బనావేలో దిగాను.

వ్యూపాయింట్ దగ్గర ఒక అవ్వ కూర్చుని ఉంది. ఎర్రచారల నేత బట్ట, తలమీద ఈకలు, బుగ్గన వక్క. వక్కాకూ సున్నాన్ని వాళ్లు మోమా అంటారు, మోమా ఉమ్మరాదని ఊరంతా బోర్డులు పెట్టుకుంటారు. ఆ ఒక్క బోర్డు చూడగానే నాకు సొంతూరికి వచ్చినట్టయింది. అవ్వ పక్కన నిలబడి ఫొటో దిగాక చూసుకుంటే ఆమె కాళ్లకు నీలంరంగు ప్లాస్టిక్ చెప్పులు! రెండు వేల ఏళ్ల నాగరికతతో ఫొటో దిగడానికి వచ్చిన మనిషికి ఇది ఎంత అన్యాయమో మీరే చెప్పండి. చెప్పులు విడిచి మళ్లీ దిగమని సైగ చేశాను. అవ్వ విడిచింది. కింద నేల తడి, చలి. ఇరవై నోటు ఇచ్చాను. దాని వెనక ఆమె కొండే ఉంది. అవ్వ నోటును తిప్పి చూడలేదు, నాలుగు మడతలు పెట్టి నడుములో దోపుకుంది.

రెండు వేల ఏళ్లన్నానా? అక్కడా మోసమే. ఆ లెక్క అమెరికన్ మానవ శాస్త్రవేత్త హెన్రీ ఓట్లీ బేయర్ కట్టింది. ఆ తర్వాత స్టీఫెన్ అకబాడో అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు తవ్వి, బొగ్గుముక్కలకు కాలం కట్టించి, ఇక్కడ వరి మడులు సుమారు 400 ఏళ్లవే అన్నాడు. అంతకుముందు చేమదుంప వేసేవాళ్లట. స్పెయిన్ సైన్యాలు లోయలోకి వచ్చేసరికి కొండల్లోకి జరిగి, తమ కాళ్ల మీద తాము నిలబడడానికి వరి మడులు కట్టారన్నది ఆయన వాదన. రాజు లేడు, శాసనం లేదు, కొరడా లేదు. ఊళ్లోవాళ్లే రాయి మీద రాయి పేర్చి, పైనున్న ముయొంగ్ అడవుల నీటిని మడి నుంచి మడికి దించుకుని, ఒక సామ్రాజ్యానికి లొంగకుండా బతికారు. వినడానికి బాగానే ఉంది గానీ, నేను రెండు వేల ఏళ్లకు టికెట్టు కొన్నాను. మిగతా 1,600 ఏళ్ల డబ్బు ఎవరు వాపసిస్తారు?

ఇక ఇళ్ల కప్పులు. ఆకుపచ్చటి మడుల మధ్య తళతళా మెరిసే రేకులు! గడ్డికప్పు ఎంత అందం! నిజమే, అది కొన్నేళ్లకోసారి మార్చాలి, కోయడానికీ కప్పడానికీ మనిషి కావాలి, ఆ మనిషి బాగియో నగరంలో ఏ హోటల్లోనో గిన్నెలు కడుగుతుండవచ్చు. అది వాళ్ల ఇంటి గొడవ. మా నాన్న పెంకుటిల్లు పడగొట్టి స్లాబు పోసినప్పుడు గృహప్రవేశంలో బూరెలు వడ్డించిన చేతులే ఇవి. కానీ అది మా ఇల్లు. ఇది ప్రపంచ వారసత్వం.

అదీ కాదట. 2020లో ఊళ్లో ఒక అంతస్తుల పార్కింగ్ భవనం లేస్తుంటే, మడులు కనపడకుండా పోతున్నాయని ఫిలిప్పీన్స్ అంతా గగ్గోలు పెట్టింది. అప్పుడు చాలామందికి తెలిసిన సంగతేమిటంటే, 1995లో యునెస్కో జాబితాకెక్కిన ఐదు చోట్లలో ఈ మునిసిపాలిటీ నుంచి బటాద్, బంగాన్ మాత్రమే ఉన్నాయి. నోట్లకెక్కిన ఈ వ్యూపాయింట్ మడులు అందులో లేవు. నేను తీసిన నూట నలభై ఫొటోలూ జాబితాలో లేని కొండవే. బటాద్ వెళ్దామంటే జీపు దిగి నడవాలి. గిన్నె అంచుల్లా చుట్టూ లేచిన మడులు, అవి దాటి ఇంకా దిగితే తప్పియా జలపాతం. దిగడం సరే, ఎక్కడం ఎవరు? నా మోకాళ్లు కూడా వారసత్వ సంపదే.

జాబితాకెక్కినవాటికైనా ఒరిగిందేమిటి? 2001లో ప్రమాదంలో ఉన్న జాబితాలో వేశారు, 2012లో తీశారు. ఈలోగా వానపాములు గట్లను బోలు చేశాయి. పేదలకు తిండవుతాయని 1980ల్లో దక్షిణ అమెరికా నుంచి ఫిలిప్పీన్స్‌కు తెచ్చిన నత్తలు పేదల నారు తింటున్నాయి. పథకాలన్నాక లబ్ధిదారులు మారుతుంటారు. పిల్లలు చదువుకుని కొండ దిగిపోతున్నారు. గండిపడ్డ గోడ మళ్లీ పేర్చాలంటే నలుగురు మగాళ్లు కావాలి. వాళ్లకివ్వడానికి యునెస్కో గౌరవం ఉంది, కూలి లేదు. నా మట్టుకు నాకో పరిష్కారం తోస్తోంది. మనమంతా ఏడాదికోసారి వచ్చి చూస్తున్నాం కాబట్టి, వాళ్ల పిల్లలు కనీసం మనం వచ్చే వారమైనా బడి మానేసి మడిలో నిలబడితే బాగుంటుంది.

రెండోరోజు మధ్యాహ్నం మడుల కెదురుగా ఉన్న చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాను. తినావొన్ పెట్టమన్నాను. ఏడాదికి ఒక్క కారే పండే కొండ వరి అది. హోటలామె గోడవైపు చూపించింది. అక్కడ కిలో ప్యాకెట్లలో, రిబ్బను కట్టి, నాలాంటివాళ్ల కోసం అమ్మకానికి ఉంది. “అది తినరా మీరు?” అంటే, “పండగకి, చావుకి” అంది. పండింది ఇంట్లో ఏడాదంతా సరిపోదట, మామూలు రోజుల్లో కొనుక్కునే బియ్యమేనట. ప్రపంచంలో అతి ఎక్కువగా బియ్యం దిగుమతి చేసుకునే దేశాల్లో ఇదొకటి. ఎక్కువ దిగుబడినిచ్చే వరి వంగడం ఐఆర్ 8 పుట్టిందీ ఈ దేశంలోనే, 1966లో. మరుసటి ఏడే మన ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి పేరు తెచ్చుకున్నారు. ఆ చేబదులు మనం 2025 మార్చిలో తీర్చుకోవడం మొదలుపెట్టాం. కాకినాడ రేవు నుంచి తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కు ఓడెక్కాయి. ఎంటీయూ 1010, అంటే మన కాటన్ దొర సన్నాలు.

నా కంచంలో అన్నం ఎక్కడిదో అడుగుదామనుకున్నాను. పొడిపొడిగా, చాలా తెలిసిన అన్నంలా ఉంది. “ఇంకా పెట్టమంటావా?” అన్నట్టు ఆమె గరిట ఎత్తింది. కంచం జరిపాను.