కారు మడి కట్టుకుంది

దేశం ముందు చాలా సమస్యలున్నాయి, కాదనను. నిరుద్యోగం ఉంది, డాలర్ రేటు ఉంది, ఉల్లిపాయల రేటు ఉంది. కానీ ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా దిగి చూడండి, అక్కడ మగాళ్ళు నలుగురు చేరి చర్చించేది వీటిలో ఒక్కటి కూడా కాదు, కడిగిన కారు ఆరబెట్టడానికి రెండు వేల లోపు ఏ బ్లోయర్ బెస్టు అన్నదే. ఇంత ముఖ్యమైన విషయం మీద టీవీ చానళ్ళు ఒక్క డిబేట్ కూడా పెట్టలేదు కాబట్టి ఆ లోటు నేను పూడుస్తున్నా.

ముందు సమస్య మూలం పట్టుకోవాలి. మన బోరు నీళ్ళు మామూలు నీళ్ళు కావు, గీజర్ కాయిల్ మీద, బాత్రూమ్ కుళాయిల మీద తెల్లగా పేరుకునేదంతా వీటి పుణ్యమే. తాగే నీళ్ళలో హార్డ్‌నెస్, అంటే కాల్షియం, మెగ్నీషియం ఉప్పుల లెక్క, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోండి అని సరుకుల ప్రమాణాలు రాసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళు రాసిపెట్టారు, ఆ కాగితం మన బోర్లకి ఎవరూ చదివి వినిపించినట్టు లేదు. కడిగిన కారుని అలాగే ఎండలో వదిలేస్తే నీళ్ళు ఆవిరైపోతాయి గానీ అందులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఎక్కడికీ పోవు, నల్ల కారు బానెట్ మీద తెల్ల చుక్కలై కూర్చుంటాయి. తుడిచేస్తే పోయేదానికి ఇంత గోలెందుకు అంటారా? అక్కడే ఉంది తిరకాసు.

తుడవడం అంటే ముట్టుకోవడం. బట్టలో ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు, క్లియర్ కోట్ మీద, అంటే రంగు పైన ఉండే పారదర్శకమైన పూత మీద, సన్న గీతలు పడతాయి, వాటికి స్విర్ల్ మార్క్స్ అని పేరు, ట్యూబ్‌లైట్ కింద వంగి చూసేవాళ్ళకి మాత్రమే కనబడతాయి, మనవాళ్ళు వంగే చూస్తారు. వెనకటికి మడి కట్టుకున్న బామ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఎవర్నీ లోపలికి రానివ్వనట్టు ఇప్పుడు ఓనరు గారు బంపర్ దగ్గర నిలబడుతున్నారు. రోజూ కార్లు తుడిచే కుర్రాడు బకెట్ పట్టుకుని వస్తే "ఏయ్ దూరం దూరం, నా బండి మీద బట్ట పడకూడదు" అంటారు. "కొత్త బట్టే సార్, ఉతికిందే" అంటాడు వాడు. కొత్తదైనా మైలే, గాలి ఒక్కటే తాకాలి. అయిపోయాక అదే కారు అమీర్‌పేట ట్రాఫిక్‌లోకి వెళ్తుంది, అక్కడ ఒక బైకు హ్యాండిలూ ఒక ఆటో బంపరూ వరసగా దాన్ని తాకి వెళ్తాయి, వాటికి మడి వర్తించదు.

కాబట్టి బ్లోయర్ కావాలి, అదీ చవగ్గా కావాలి, ఎందుకంటే కారు కోసం ఏడేళ్ళ లోను సంతకం పెట్టేటప్పుడు రాని పొదుపు బ్లోయర్ దగ్గరకొచ్చేసరికి పొంగుకొస్తుంది. వెతగ్గానే మొదట తగిలేది వైరున్నది, 500 నుంచి 700 వాట్లు, వెయ్యీ పదిహేనొందల్లో వస్తుంది, నిజానికి సీపీయూలో దుమ్ము ఊదడానికి అమ్మే సరుకు. దాని మీద ఎమ్మార్పీ ఐదు వేలని వేసి కొట్టేసి ఉంటుంది, ఆ ఐదు వేలకి భూమ్మీద ఎవడైనా కొన్నాడా అన్నది దేవుడికే తెలియాలి. రెండోది బ్యాటరీది, మన సైన్సు చదువులకి అసలు పరీక్ష ఇక్కడే. ఒక డబ్బా మీద 48 వీఎఫ్ అని ఉంటుంది, పక్కదాని మీద 88 వీఎఫ్, ఇంకోదాని మీద ఇంకా పెద్ద అంకె. వోల్టు తెలుసు, వాటు తెలుసు, ఈ వీఎఫ్ మాత్రం ఏ ఫిజిక్స్ పుస్తకంలోనూ లేదు. మామూలుగా ఆ ప్యాక్ విప్పితే లోపల ఐదు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి, ఒక్కోటి 3.6 వోల్టులు, ఫుల్ ఛార్జ్ ఎక్కితే 4.2, అంటే ఐదింటికీ కలిపి 18, మహా అయితే 21. స్టిక్కర్ మారినంత మాత్రాన సెల్స్ పిల్లల్ని పెట్టవు. ఇదంతా ఐదో క్లాసు పిల్లాడు కూడా గుణించి చెప్పగలడు గానీ ఆ పిల్లాడి నాన్నే రాత్రి ఒంటిగంటకి "పెద్ద నంబరుది తీసుకుంటే పడుంటుంది లే" అని ఆర్డర్ నొక్కుతాడు.

ఇక స్పీడు. 2014లో వైజాగ్‌ని చిందరవందర చేసిన హుద్‌హుద్ గాలి గంటకి 180 కిలోమీటర్ల దగ్గర్లో ఉంటే మన పదిహేనొందల డబ్బా 250, 270 అని ధైర్యంగా ప్రకటిస్తోంది. అబద్ధమని కూడా అనలేం, మూతి సన్నగా చేస్తే ఏ గాలైనా జోరుగానే వస్తుంది, కాకపోతే ఎంత వస్తుందన్నది వేరే లెక్క, నిమిషానికి రెండు మూడు ఘనపు మీటర్లు వస్తే గొప్ప. బానెట్ మొత్తం మీద నీళ్ళని తోసుకెళ్ళాలంటే కావాల్సింది ఆ రెండో లెక్కే, దాన్ని మాత్రం డబ్బా వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు.

ఈలోగా డల్లాస్ నుంచి బావమరిది వీడియో కాల్ చేస్తాడు. "బావా, లాన్‌లో ఆకులు ఊదేదాంతోనే నేను కారు కూడా ఊదేస్తా, ఐదు నిమిషాల్లో ఖతం, వచ్చేటప్పుడు ఒకటి తేనా?" అంటాడు. వాళ్ళకి లాన్ ఉంది, ఆకులున్నాయి, పైగా కాలిఫోర్నియాలో అయితే వీటి పొగ తట్టుకోలేక 2024 నుంచి తయారయ్యే కొత్త పెట్రోల్ బ్లోయర్లు అమ్మొద్దని రూలే పెట్టారు. వాడు తెచ్చేది 120 వోల్టులది, మన 230లో పెడితే ఆరేది కారు కాదు, వాసనొచ్చేది బ్లోయరు.

సరే కొన్నారు, వచ్చింది. 600 వాట్లంటే మూడు ఆంప్స్ కూడా లాగదు, మామూలు ప్లగ్గు చాలు, కానీ ఆ ప్లగ్గు ఎక్కడుంది? సెల్లార్‌లో ఉన్న ఒక్కటీ కామన్ మీటర్‌ది, దాంట్లో వేలు పెడితే అసోసియేషన్ గ్రూపులో సాయంత్రం దాకా వడ్డనే. అందుకని మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీస్తారు, దారిలో రెండో అంతస్తు వాళ్ళ తులసికోటకి చుట్టుకుంటుంది. స్విచ్ వెయ్యగానే బిల్డింగ్ మొత్తం లేస్తుంది. ఇళ్ళ దగ్గర పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి రూల్స్ చెప్తున్నాయి, ఇది చెవి పక్కనే 80 పైన అరుస్తుంది. బెంగళూరు వాళ్ళు 2024 మార్చిలో మంచినీళ్ళతో కారు కడిగితే 5,000 ఫైన్ అన్నారు, ఆ లెక్కన అక్కడివాళ్ళకి ఈ బాధే లేదు, కడగనిదాన్ని ఆరబెట్టక్కర్లేదు.

నన్నడిగితే చవక బ్లోయర్‌కి చేతనయ్యే పని ఒకటుంది. సైడ్ మిర్రర్ సందు, డోర్ హ్యాండిల్ వెనకాల, పెట్రోల్ మూత లోపల, నంబర్ ప్లేట్ కింద, వీల్ నట్ల గుంటలు, బట్ట దూరని ఇలాంటి చోట్ల దాక్కుని మనం అంతా అయిపోయిందనుకున్నాక చారలు చారలుగా కారే నీళ్ళని బయటికి తరుముతుంది, దానికి వైరున్న 600 వాట్లది బ్రహ్మాండంగా సరిపోతుంది. మిగతా ఒళ్ళంతా మూడొందల మైక్రోఫైబర్ తువ్వాలే, రుద్దకుండా పరిచి లాగితే చాలు. టాప్ మీద చెరువుని ఆ చిన్న బ్లోయర్‌తో ఊదితే అది వెనక అద్దం మీదకెళ్తుంది, అక్కణ్ణుంచి ఊదితే డిక్కీ మీదకెళ్తుంది, ఆ తర్వాత మన చొక్కా మీదకి. ఇంకో మాట, గాలి పీల్చుకునే వైపు దుమ్ము ఆపే జల్లెడ లేనిదాన్ని కింద నేలకి దగ్గరగా పట్టుకుంటే సెల్లార్ దుమ్మంతా లోపలికి లాక్కుని తడి పెయింట్ మీదే కొడుతుంది, మడి అక్కడితో సరి.

ఈ నిష్ఠంతా దసరా దాకానే అనుకోండి. ఆ రోజు పూజారి గారు పసుపూ కుంకుమా తడిపి బొటనవేలితో బానెట్ మీద గట్టిగా రుద్ది మరీ బొట్లు పెడతారు, ఓనరు గారు కిక్కురుమనరు, చేతులు కట్టుకుని నిలబడతారు. బ్లోయర్‌కి కూడా ఒక బొట్టు పడుతుంది, ఆయుధమే కదా. చివర్లో కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు బానెట్ మీద చల్లితే పాత అలవాటు కొద్దీ చెయ్యి స్విచ్ మీదకెళ్తుంది, ఆరీ ఆరని కుంకుమంతా లేచి ముందు పూజారి గారి తెల్ల పంచె మీదా, తర్వాత పక్క స్లాట్‌లో ఉన్న ప్రెసిడెంట్ గారి తెల్ల కారు మీదా వాలుతుంది.