బరువు తగ్గలేదంటే సరిపోతుందా?

ఇప్పుడే నాన్నను గుండె చెకప్‌కి తీసుకెళ్లి వచ్చాం. ఆయనకు హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె ఒంటికి చాలినంత రక్తం కొట్టలేకపోవడం. ఒళ్లు మండిపోతోంది, చల్లారకముందే రాసేస్తున్నా. బరువు మిషన్ ఎక్కించారు. పోయినసారి అంకె, ఈసారి అంకె పక్కపక్కన చూసుకున్నారు. "వెయిట్ స్టెడీగా ఉంది అంకుల్, వెరీ గుడ్" అని ఫైల్లో టిక్కు పెట్టి పక్కవాళ్లని పిలిచేశారు.

ఏం స్టెడీ అండీ? ఆ మనిషి వైపు ఒక్కసారి తలెత్తి చూశారా? చొక్కా భుజాల మీద నిలవడం లేదు. చేతి గడియారం ముంజేతి సగం దాకా జారుతోంది. కణతలు లోపలికి పోయాయి. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ లేవాలి. అదే మనిషి సాక్సు తీస్తే చీలమండ చుట్టూ గాడి. వేలితో నొక్కితే పడ్డ గుంట చాలాసేపు అలాగే ఉంటుంది. పైన కండ పోతోంది, కింద నీరు చేరుతోంది. గుండె జబ్బుతో ఒళ్లు ఇలా కరిగిపోవడాన్ని కార్డియాక్ కకెక్సియా అంటారు. నాలుగు కిలోల కండ పోయి నాలుగు కిలోల నీరు చేరితే మిషన్‌కి తేడా ఎలా తెలుస్తుంది? మిషన్‌ని నేనేమీ అనను. ఎదురుగా కూర్చున్న మనిషికి తెలియాలి కదా!

ఇదేమైనా నిన్న మొన్న కనిపెట్టిన సంగతా? రెండు వేల ఏళ్లకు పైబడిన గ్రీకు వైద్య గ్రంథాల్లో, హిపోక్రటిస్ పేరుతో ఉన్నవాటిలోనే, ఈ రోగి ఉన్నాడు. పొట్టలో నీరు నిండుతుందని, కాళ్లు వాస్తాయని, భుజాలూ ఛాతీ తొడలూ కరిగిపోతాయని రాసి పెట్టారు. అప్పుడు గుండెను స్కాన్ చేసే ఎకో లేదు, రక్తపరీక్ష లేదు, బరువు మిషన్ లేదు. కళ్లున్నాయి, చూశారు.

ఇక మా బంధువుల మాట: "వయసు కదా, చిక్కిపోతారు." ఈ మాట ఇంకోసారి నా ముందు ఎవరూ అనొద్దు. వయసుతో తగ్గేది వేరు, ఇది వేరు. గుండె సరిగ్గా కొట్టలేకపోతే ఒళ్లంతా అత్యవసర పరిస్థితిలోకి వెళ్లిపోతుంది. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అడ్రినలిన్ లాంటివి పెరుగుతాయి, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరుగుతుంది, టీఎన్ఎఫ్ లాంటి వాపు రసాయనాలు రక్తంలో తిరుగుతుంటాయి. కండను కట్టమని చెప్పే ఇన్సులిన్, దాన్ని పోలిన ఐజీఎఫ్-1 అనే హార్మోన్ సంకేతాలు మాత్రం బలహీనపడతాయి. ఇంక కండ కణంలో కూల్చే పని మొదలవుతుంది. ఏ ప్రోటీన్‌ని విరగ్గొట్టాలో దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తుగా తగులుకుంటుంది. గుర్తు పడ్డ ప్రోటీన్‌ని కణంలో ఉండే ప్రోటియాసోమ్ అనే కత్తెర యంత్రం ముక్కలు చేస్తుంది. ఈ పద్ధతిని కనిపెట్టినందుకే 2004లో సీహనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. కండలో ఆ గుర్తు తగిలించే ప్రధానమైన ఎంజైములు రెండు, అట్రోజిన్-1, మర్ఫ్-1. వాటి సంగతి 2001లోనే బయటపడింది. మర్ఫ్-1 పోయి పోయి మయోసిన్ మీదే పడుతుంది. కండ ముడుచుకోవడానికి బలం ఇచ్చేదే మయోసిన్.

పొయ్యిలో కట్టెలు అయిపోయాయని ఇంటి దూలాలు పీకి మంట పెట్టుకుంటే ఎలా ఉంటుందో, లోపల జరుగుతున్నది అదే. దీన్ని పట్టుకుని వయసు అంటారా?

పైగా పేగులకు కూడా నీరు పడుతుంది. ఆకలి చచ్చిపోతుంది, తిన్నది సరిగ్గా ఒంటపట్టదు. రెండు ముద్దలకే కడుపు నిండిపోయిందంటారు. చుట్టూ ఉన్నవాళ్లేమో "తిండి తగ్గించారు, మంచిదే, గుండెకి భారం తగ్గుతుంది" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వింటుంటే నాకు ఏడుపొస్తుంది.

అన్నట్టు మా చిన్నత్త ఇంకో మాట అంది. "బీపీ నార్మల్‌గానే ఉందిగా, ఆ మాత్ర ఆపేయొచ్చుగా" అని. అత్తా, అది బీపీ కోసం ఇచ్చిన మాత్ర కాదు. ఇందాక చెప్పిన యాంజియోటెన్సిన్‌ని అడ్డుకునేది. ఆ యాంజియోటెన్సినే కండను కూడా తింటుంది. యాంజియోటెన్సిన్‌ని అడ్డుకునే ఎనలప్రిల్ మాత్ర వేసుకున్న హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో బరువు పడిపోయే ప్రమాదం తగ్గిందని 2003లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డాక్టర్ చెప్పకుండా ఎవరూ ఏ మాత్రా ఆపొద్దు, దయచేసి. ఫోన్లో సలహాలు ఇచ్చే ప్రతి బంధువుకీ ఈ మాట.

అసలు విషయానికొస్తా. ఈ కార్డియాక్ కకెక్సియా ఎంత ప్రమాదమో వినండి. 1997లో గుండె జబ్బుల పరిశోధకుడు స్టెఫాన్ ఆంకర్ బృందం 171 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులను గమనించింది. నీరు లెక్కలోంచి తీసేశాక, కనీసం 6 నెలల కాలంలో 7.5 శాతం కంటే ఎక్కువ బరువు పోయినవాళ్లను విడిగా చూశారు. 18 నెలల్లో వాళ్లలో సగం మంది చనిపోయారు. మిగతావాళ్లలో 17 శాతం. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందనే లెక్క) ఎంతున్నా సరే, ఈ తేడా విడిగా నిలబడింది. నీరు తీసేసిన బరువు అని ఎందుకు అంత పట్టుబట్టారో ఇప్పుడు అర్థమైందా? మా ఫైల్లో ఆ సంగతి ఎక్కడా లేదు. బరువు అని ఒక గడి, అందులో ఒక టిక్కు.

రెండో టిక్కు ఇంకా ఘోరం. కిడ్నీల పనితీరు చూడ్డానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ తక్కువుందని "కిడ్నీలు సూపర్ అంకుల్" అన్నారు. క్రియాటినిన్ ఎక్కడి నుంచి వస్తుంది? కండ నుంచి. కండ కరిగిపోతే క్రియాటినిన్ తయారవడమే తగ్గుతుంది, కిడ్నీ ఎలా ఉన్నా రిపోర్టు అందంగా కనిపిస్తుంది. కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్-సి అనే కిడ్నీ పరీక్ష ఉంది కదా, అది చేయిద్దామా అని అడిగా. "అది రొటీన్‌గా చేయం" అన్నారు. రొటీన్‌గా ఎందుకు చేయాలి? కండ పోయిన మనిషికి చేయమనే కదా అడిగింది!

కండను కొలవడం కష్టమా అంటే అదీ కాదు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనాలి. ఆసియా వాళ్ల కోసం 2019లో పెట్టిన ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకుమించి పడితే ఆలోచించాల్సిందే. పిడికిలి బలం కొలిచే చిన్న పరికరం ఉంటుంది. మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల లోపు వస్తే కండబలం తక్కువని అర్థం. పిక్క చుట్టుకొలత కూడా చెబుతారు గానీ, కాళ్లకు నీరు పట్టినవాళ్లకి ఆ టేపు కూడా అబద్ధమే చెబుతుంది. అందుకే చెయ్యి చూడండి, లేవడం చూడండి అని మొత్తుకుంటున్నా. దీనికి ఎంత టైమ్ పడుతుంది? బూట్లు విప్పి బరువు మిషన్ ఎక్కేంత టైమ్ కూడా పట్టదు.

కండ అనగానే అదేదో జిమ్ కుర్రాళ్ల వ్యవహారం అనుకుంటారు. ప్రోటీన్ అనగానే "అమ్మో, కిడ్నీలు" అంటారు. అమెరికా హార్ట్ ఫెయిల్యూర్ సొసైటీ 2019లో ఇలాంటి రోగులకు రోజుకు కిలో బరువుకు కనీసం 1.1 గ్రాముల ప్రోటీన్ ఉండాలని చెప్పింది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ల లెక్క వేరు, అది వాళ్ల డాక్టరే తేల్చాలి. కానీ లెక్క అంటూ ఒకటి వేయాలిగా? ఉప్పు గురించి పది నిమిషాలు చెప్పారు, నీళ్లు ఎన్ని తాగాలో చెప్పారు. ప్రోటీన్ అనే మాట ఆ గదిలో నా నోటి నుంచి తప్ప ఇంకెవరి నోటి నుంచీ రాలేదు.

ఇదంతా నన్ను ఇంత ఎందుకు మండిస్తోందంటే, మా పెదనాన్న. గుండెకి నీరు పట్టిందని అడ్మిట్ చేశారు. తన కాళ్ల మీద తను నడుచుకుంటూ వెళ్లిన మనిషి. బెడ్ రెయిల్స్ పైకెత్తారు, యూరిన్ ట్యూబ్ పెట్టారు, "గుండె జబ్బు, కదలొద్దు" అన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని లేపి నిలబెట్టలేదు. మేం లేపబోతే కసిరారు. నీరు తీశారు, ఆయాసం తగ్గించారు, ఇంటికి పంపారు. వీల్‌చెయిర్‌లో. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ వెళ్లేటప్పుడు ఎంతుందో వచ్చేటప్పుడూ అంతే. "హార్ట్ స్టేబుల్" అన్నారు. ఆ తర్వాత ఆయన తన కాళ్ల మీద బాత్రూమ్‌కి వెళ్లలేదు.

ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను 10 రోజులు మంచం మీద ఉంచి చూస్తే, ఒక్క కాళ్లలోనే కిలో దాకా కండ పోయిందని 2007లో తేల్చారు. జబ్బు లేనివాళ్లకే అంత! అప్పటికే కండను తినేస్తున్న గుండె జబ్బు మనిషిని మంచానికి అప్పగించడాన్ని వైద్యం అని ఎలా అంటారు? ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గదు.

ఆయాసం వస్తే గుండెదే అంటారు. మొత్తం గుండెది కాదు. కాళ్ల కండరాల్లో అలుపు తెలియకుండా పనిచేసే నెమ్మది పోగులు తగ్గి, తొందరగా అలిసిపోయే వేగపు పోగుల పాలు పెరుగుతుంది. కణాలకు శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు తగ్గుతాయి. ఆ నీరసపు కండే ఊపిరి పెంచమని సంకేతాలు పంపుతుందని గుండె డాక్టర్ ఆండ్రూ కోట్స్ 1990ల్లోనే వాదించారు. ఊపిరి తీసే డయాఫ్రం కూడా కండరమే, అదీ బలం కోల్పోతుంది. అందుకే ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరు మెట్లెక్కుతారు, ఒకరు ఎక్కలేరు.

మరి కదిలిస్తే ప్రమాదమా? 2009లో హెచ్ఎఫ్-యాక్షన్ అని 2,331 మందితో పెద్ద ట్రయల్ వచ్చింది. నిలకడగా ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ రోగులకు పద్ధతి ప్రకారం చేయించే వ్యాయామం సురక్షితమే అని తేలింది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఇలాంటి రోగులతో 4 వారాలు వ్యాయామం చేయిస్తే తొడ కండలో మర్ఫ్-1 తగ్గింది. వయసు మళ్లినవాళ్లలో కూడా తగ్గింది. అంటే ఆ కూల్చే ఎంజైమునే తగ్గించగలిగారు. మా బంధువులు ఆ వాక్యం రెండుసార్లు చదవండి.

ఇవాళ చివర్లో రిహాబ్‌కి, అంటే దగ్గరుండి పద్ధతిగా వ్యాయామం చేయించేదానికి, రాసివ్వమని అడిగా. "ఇంట్లోనే నెమ్మదిగా నడవమనండి మేడమ్" అన్నారు. ఎంతసేపు? వారానికి ఎన్నిసార్లు? ఆయాసం ఎంత దాకా వస్తే ఆపాలి? కాళ్లకు బలం పెంచేవి ఏం చేయాలి, ఎప్పుడు పెంచాలి? ప్రతి మాత్రకీ మిల్లీగ్రాములతో సహా రాశారు, పొద్దున ఒకటి, రాత్రి అర అని. నడక దగ్గరికొచ్చేసరికి "నెమ్మదిగా". అది కూడా నోటిమాటే, చీటీలో అదీ లేదు.