టెలోమరేజ్ పేరుతో వయసు పరీక్షలు అమ్మడం ఆపాలి

మా హబ్సిగూడ వీధిలో ఉండే రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన పోయిన నెలలో ఒక రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నగరంలోని ఒక వెల్‌నెస్ క్లినిక్‌లో రక్తమిచ్చి చేయించుకున్న పరీక్ష అది; క్రోమోజోముల కొసల పొడవు కొలిచి కణాల వయసు చెబుతామంటారు. నిగనిగలాడే కాగితం మీద ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా రంగుల పట్టీ, ఎరుపు వైపు ఒక బాణం గుర్తు, దాని కింద ‘మీ కణాల వయసు 71’ అన్న మాట ఉన్నాయి. ఆయనకు నిండినవి 63 ఏళ్లు. చివరి పేజీలో, ఆ కొసలను పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమ్‌ను మేల్కొలుపుతాయని చెప్పే గుళికలు, మూడు నెలల కోర్సు ధర. ‘‘ఎనిమిదేళ్లు ముందే ముసలివాణ్ని అయిపోయానంటారా?’’ అని అడిగినప్పుడు మాస్టారి గొంతులో ఉన్నది భయం.

ఆ వారంలోనే మా మేనమామను సిస్టోస్కోపీకి తీసుకెళ్లాను. రెండేళ్ల కిందట ఆయన మూత్రాశయంలోంచి క్యాన్సర్ కణితి తీశారు. అది మళ్లీ వచ్చిందేమో తెలుసుకోవడానికి మూత్రమార్గం గుండా కెమెరా గొట్టం పంపి చూస్తారు. మొదట్లో మూడు నెలలకోసారి చేసేవారు, ఇప్పుడు ఆరు నెలలకోసారి. బయటికి వచ్చాక మామయ్య బెంచీ మీద కూర్చోలేక చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడతారు. నీళ్ల సీసా అందిస్తే, తర్వాత వచ్చే మంట గుర్తొచ్చి కొంచెం కొంచెంగా తాగుతారు. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో ఎక్కువ భాగం ఆగకుండా విభజన చెందడానికి ఆధారపడేది టెలోమరేజ్ మీదే. మాస్టారు డబ్బు పెట్టి పెంచుకోవాలనుకుంటున్నదీ, మామయ్య ఒంట్లో ఇక కనబడకూడదని మేం మొక్కుకుంటున్నదీ ఒకే ఎంజైమ్. ఈ సంగతి ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. ఉండి తీరాలని నేను అంటున్నాను.

మగ్గం మీంచి దించిన చీరకు కొంగు చివర పోగులు జారిపోకుండా కుచ్చులు ముడివేస్తారు. మన క్రోమోజోముల కొసలకు ప్రకృతి వేసిన అలాంటి ముడి పేరు టెలోమియర్. మనిషిలో అది టీటీఏజీజీజీ అనే ఆరు డీఎన్ఏ అక్షరాల వరుస వేలసార్లు తిరిగి తిరిగి రావడమే తప్ప మరొకటి కాదు. ఆ వరుసలో ఏ ప్రోటీన్‌కూ సంబంధించిన ఆదేశం లేదు. డీఎన్ఏకు నకలు తీసే యంత్రాంగం పని మొదలుపెట్టాలంటే దానికి ఒక చిన్న ఆర్ఎన్ఏ తునక ఊతం కావాలి. పని పూర్తయ్యాక ఆ తునకను తొలగించి ఖాళీని పూడుస్తారు కానీ, పోగు చిట్టచివర మాత్రం పూడ్చే వీలు లేదు. అందువల్ల కణం విభజన చెందిన ప్రతిసారీ టెలోమియర్ సుమారు 50 నుంచి 200 అక్షరాల మేర కురచబడుతుంది. మనిషి కణాలు ప్రయోగశాలలో 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని లియొనార్డ్ హేఫ్లిక్ 1961లో చూపించారు. కొసల అరుగుదలే ఆ ఆగిపోవడానికి కారణమై ఉంటుందని సోవియట్ శాస్త్రవేత్త అలెక్సీ ఒలోవ్నికోవ్ 1971లో ఊహించారు. ఆ కొసల గుట్టు విడటం మొదలైంది మాత్రం చెరువు నీటిలో బతికే ఏకకణ జీవి టెట్రాహైమెనాలో. దాని టెలోమియర్ అక్షరాలను ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ చదివి 1978లో ప్రచురించారు. ఆమె విద్యార్థిని కెరోల్ గ్రైడర్ 1984 క్రిస్మస్ నాడు ప్రయోగశాలకు వెళ్లి చూసిన ఎక్స్‌రే ఫిల్ము మీద, కొసలకు కొత్త అక్షరాలు చేర్చే ఎంజైమ్ పనితనం మెట్లు మెట్లుగా కనబడింది. టెలోమరేజ్ అంటే అదే. తన లోపలే ఒక ఆర్ఎన్ఏ అచ్చును పెట్టుకుని, దాన్ని చూసి అక్షరాలు రాసే ఎంజైమ్. వారిద్దరికీ, బ్లాక్‌బర్న్‌తో కలిసి టెలోమియర్ల మీద పనిచేసిన జాక్ షోస్టాక్‌కూ కలిపి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

పెద్దవారి శరీరంలో చాలా కణాల్లో ఈ ఎంజైమ్ నిద్రపోతూ ఉంటుంది. బీజకణాల్లో మెలకువగా ఉంటుంది. మూలకణాల్లో, రోగనిరోధక కణాల్లో కొంత మేర పనిచేస్తుంది. మిగతాచోట్ల అది నిద్రపోవడం మనకు జరిగిన అన్యాయం అనుకోవడంలోనే పొరపాటు మొదలవుతోంది. దారి తప్పిన కణం ఎంత వేగంగా విభజన చెందినా, టెలోమియర్లు అరిగిపోయేసరికి దానికి గోడ అడ్డొస్తుంది. క్యాన్సర్ కావాలంటే ఆ గోడ దాటాలి. 1994లో నామ్ కిమ్, జెర్రీ షే, వుడ్రింగ్ రైట్ తదితరులు 12 రకాల కణితుల నుంచి తీసిన 101 బయాప్సీలను పరీక్షిస్తే 90లో టెలోమరేజ్ పనిచేస్తూ కనబడింది. 50 ఆరోగ్యవంతమైన కణజాలాల్లో ఒక్కదానిలోనూ కనబడలేదు. టెలోమరేజ్ లేకుండా, ఒక క్రోమోజోము కొసను చూసి మరొక కొసను పొడిగించుకునే అడ్డదారి తొక్కే కణితులు 10 నుంచి 15 శాతం దాకా ఉంటాయి.

ఆ అంకెలు చూసి, క్యాన్సర్‌ను పట్టేసే ఒకే ఒక్క రక్తపరీక్ష వచ్చేస్తుందని అప్పట్లో ఎంతోమంది ఆశపడ్డారు. అది జరగలేదు, ఎందుకు జరగలేదన్నది తెలుసుకోవలసిన విషయం. ఎంజైమ్ పనితనాన్ని కొలిచే ఆ పరీక్షలో ముందు టెలోమరేజ్ చేత అక్షరాలు రాయించి, తర్వాత పీసీఆర్‌తో వాటిని ఎన్నో రెట్లు పెంచి చూస్తారు. పనిలో దిగిన తెల్లరక్తకణాల్లోనూ టెలోమరేజ్ ఉంటుంది కాబట్టి, మూత్రంలో మామూలు ఇన్‌ఫెక్షన్ ఉన్నా పరీక్ష పాజిటివ్ అనవచ్చు. మూత్రంలోని రసాయనాలు ఎంజైమ్‌లోని ఆర్ఎన్ఏను దెబ్బతీస్తే, క్యాన్సర్ ఉన్నా నెగెటివ్ రావచ్చు. పరిశోధనశాలలో నెగ్గిన పరీక్ష ఆసుపత్రి కిటికీ దగ్గర ఓడిపోయింది ఇక్కడే.

దారి మళ్లీ తెరుచుకున్నది 2013లో. టెలోమరేజ్ ప్రోటీన్‌ను తయారుచేసే టెర్ట్ జన్యువుకు ముందు, స్విచ్చులా పనిచేసే ప్రమోటర్ అనే భాగం ఉంటుంది. అందులో ఒకే ఒక్క అక్షరం, సీ ఉండవలసిన చోట టీ రావడం, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో చాలామందికి ఉన్నట్టు రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. జన్యువు మొదలయ్యే చోటుకు 124, 146 అక్షరాల ముందున్న రెండు స్థానాల్లోనే ఈ మార్పు ప్రధానంగా వస్తుంది. మారిన అక్షరం దగ్గర ఒక కొత్త ప్రోటీన్ వచ్చి అతుక్కుని, నిద్రపోతున్న జన్యువును లేపుతుంది. మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు 60 నుంచి 80 శాతం కేసుల్లో ఈ మార్పు ఉంటుంది. కాలేయం, థైరాయిడ్, మెదడు, నోటి క్యాన్సర్లలోనూ దీన్ని చూశారు. ఇన్‌ఫెక్షన్‌తో వచ్చిన తెల్లరక్తకణంలో టెలోమరేజ్ ఉన్నా ఈ మార్పు ఉండదు. డీఎన్ఏ మీది గుర్తు ఎంజైమ్ లాగా త్వరగా చెడిపోదు కూడా. నా దృష్టిలో టెలోమరేజ్ పరిశోధన రోగి చేతికి ఇచ్చిన మొదటి గట్టి కానుక ఇదే.

దీని విలువ ఎంతటిదో మెదడు కణితుల విషయంలో చూడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన వర్గీకరణ ప్రకారం, పెద్దవారిలో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు లేని, విస్తరించే గ్లయోమా రకం మెదడు కణితి సూక్ష్మదర్శినిలో ఎంత నెమ్మదస్తురాలిగా కనబడినా, టెర్ట్ ప్రమోటర్ మార్పు ఉంటే దాన్ని గ్లయోబ్లాస్టోమాగా, అంటే నాలుగో గ్రేడు కణితిగా లెక్కించాలి. ఒక అక్షరం రోగి చికిత్సనే మార్చేస్తుంది. ఇక మూత్రాశయానికి వస్తే, ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంతంలో ఏళ్ల ముందు భద్రపరిచిన మూత్రం నమూనాలను తీసి చూసిన పరిశోధకులకు, తర్వాత మూత్రాశయ క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు సగం మందిలో ఈ మార్పు కనబడింది. కొందరిలో వ్యాధి బయటపడటానికి పదేళ్ల ముందే. మిగతా సగం మందిలో కనబడలేదన్నదీ గుర్తుంచుకోవాలి. ఈ పరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన సిస్టోస్కోపీ మానేయడానికి లేదు.

చికిత్స సంగతి మరింత ఓపికతో చూడాలి. క్యాన్సర్ చికిత్సకు మన నేల మీద పుట్టినవారు చేసిన మేలు తలచుకుంటే మొదట గుర్తొచ్చేది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రచురించారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. ఆ మందులు విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి కనుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది. టెలోమరేజ్‌ను ఆపితే క్యాన్సర్ కణం మాత్రమే దెబ్బతింటుందని తర్వాతి తరం ఆశించింది. కానీ ఎంజైమ్ ఆగిన రోజునే కణం చావదు; టెలోమియర్లు అరిగేదాకా ఎన్నో విభజనలు గడవాలి, ఈలోగా కణితి పెరుగుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో క్లోమ క్యాన్సర్ ఉన్న 1,062 మందితో, టెలోమరేజ్ ఉన్న కణాల మీదికి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే టీకాతో జరిపిన ప్రయోగంలో కీమోథెరపీకి టీకా తోడైనా ఆయుష్షు పెరగలేదని 2014లో తేలింది. ఇమెటెల్‌స్టాట్ అనే మందు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు.

అదే ఇమెటెల్‌స్టాట్ మరోచోట నిలబడింది. టెలోమరేజ్ లోపలి ఆర్ఎన్ఏ అచ్చుకు అతుక్కుని దాన్ని మూసేసే 13 అక్షరాల పోగు అది. ఎముక మజ్జలో రక్తకణాల తయారీ గతి తప్పే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌లో, ప్రమాదం తక్కువ స్థాయిలోనే ఉన్నా తరచూ రక్తం ఎక్కించుకోక తప్పనివారికి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో దీన్ని అనుమతించింది. 178 మందితో జరిగిన ప్రయోగంలో మందు తీసుకున్నవారిలో 39.8 శాతం మంది కనీసం 8 వారాల పాటు రక్తం ఎక్కించుకోకుండా ఉండగలిగారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఆ సంఖ్య 15 శాతం. రెండు నెలల్లో నాలుగు సీసాల రక్తం కోసం దాతలను వెతికే కుటుంబానికి ఈ తేడా అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అయితే ఈ మందు తీసుకున్నవారిలో ప్లేట్‌లెట్లు, తెల్లరక్తకణాలు బాగా పడిపోవడం సాధారణం, ఎందుకంటే ఆరోగ్యవంతమైన రక్త మూలకణాలకూ టెలోమరేజ్ అవసరమే. క్యాన్సర్ కణంలోని టెలోమరేజ్ చేతనే తప్పుడు అక్షరాన్ని టెలోమియర్‌లో రాయించి కణాన్ని త్వరగా చంపే పద్ధతి మీద కూడా ప్రయోగాలు నడుస్తున్నాయి.

ఇప్పుడు మాస్టారి రిపోర్టుకు వద్దాం. టెలోమియర్ పొడవు కొలవడం వృథా అని నేను అనడం లేదు. డిస్కెరటోసిస్ కంజెనిటా అనే అరుదైన పుట్టుజబ్బులో టెలోమరేజ్ చాలినంత ఉండక గోళ్లు పాడవుతాయి, నోట్లో తెల్లమచ్చలు వస్తాయి, మజ్జ ఎండిపోతుంది. కొన్ని కుటుంబాల్లో ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బుకూ కారణం ఇదే. అలాంటివారికి నిపుణుల ప్రయోగశాలలో కచ్చితమైన పద్ధతిలో చేసే టెలోమియర్ కొలత చికిత్సను నిర్ణయిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 63 ఏళ్ల మనిషి సంగతి వేరు. ఒకే వయసువారిలో టెలోమియర్ పొడవు ఎంతో తేడాగా ఉంటుంది, చవక పీసీఆర్ కొలతలో ఒకే నమూనాకు రెండుసార్లు రెండు అంకెలు రావచ్చు. అలాంటి కొలతను పట్టుకుని 71 అని రాసివ్వడానికి ఆధారం లేదు. ఇలాంటి పరీక్షలు మార్కెట్లోకి వచ్చిన తొలినాళ్లలోనే, జనం తమ వయసు తెలుసుకోవడానికి కంపెనీలు వీటిని అమ్మడం తనకు ఉపయోగకరంగా కనబడటం లేదని ఎంజైమ్‌ను కనుగొన్న గ్రైడరే చెప్పారు.

గుళికలు అమ్మేవారు ఎలుకల ప్రయోగాలు చూపిస్తారు. స్పెయిన్‌లో మరియా బ్లాస్కో బృందం ఏడాది వయసున్న ఎలుకలకు వైరస్ ద్వారా టెర్ట్ జన్యువు ఎక్కిస్తే వాటి మధ్యస్థ ఆయుర్దాయం 24 శాతం పెరిగింది, క్యాన్సర్లూ పెరగలేదు. 2012 నాటి ఆ ఫలితం నిజమైనదే, విలువైనదే. అయితే ప్రయోగశాల ఎలుక టెలోమియర్లు మనకన్నా ఎన్నో రెట్లు పొడవు, దాని కణజాలాల్లో టెలోమరేజ్ మనకన్నా ఎక్కువగా పనిచేస్తుంది, అది బతికేది రెండు మూడేళ్లు. మనుషుల విషయంలో సాక్ష్యం మరోవైపు చూపిస్తోంది. 35 రకాల క్యాన్సర్లు, 48 ఇతర జబ్బుల మీద 2017లో వచ్చిన జన్యు విశ్లేషణలో, పుట్టుకతో పొడవాటి టెలోమియర్లు వచ్చినవారికి గుండె జబ్బు ముప్పు కొంత తగ్గినా, చాలా క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందని తేలింది. పెరిగిన వాటి జాబితాలో మూత్రాశయ క్యాన్సర్ ఉంది. మాస్టారికి ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘మరి ఇది వాళ్లు రాయాలి కదండీ’’ అన్నారు. అవును, రాయాలి. రాయించే బాధ్యత ఆరోగ్య శాఖ మీద ఉంది.

ఈ నగరం చేయవలసిన పని మరొకటి ఉంది. 2020లో కరోనా పరీక్షలకు జనం బారులు తీరినప్పుడు, మా ఇంటికి కూతవేటు దూరంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ స్వాబ్‌ను ద్రవంలో ముంచకుండా పొడిగానే తెచ్చి, ఆర్ఎన్ఏ వేరుచేసే దశ లేకుండా పీసీఆర్ చేసే తేలిక పద్ధతిని రూపొందించింది. ఆ నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దాన్ని ఆమోదించింది. టెర్ట్ ప్రమోటర్ పరీక్షకూ అలాంటి బుర్రలే కావాలి. చదవవలసింది రెండు స్థానాలే అయినా, ఆ భాగంలో జీ, సీ అక్షరాలు ఎక్కువ కావడంతో పీసీఆర్ మొరాయిస్తుంది. దాన్ని చవకగా, నమ్మకంగా నడిపించే పద్ధతిని సీసీఎంబీ, ఉప్పల్‌లోని డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ లాంటి సంస్థలు స్థిరపరచి, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికీ నిమ్స్‌కూ అందించాలి. మెదడు కణితి ఉన్నవారికి అవసరమైన చోటల్లా ఆ పరీక్ష ఖర్చు ఆరోగ్యశ్రీ భరించాలి. రోగుల కోసం కొత్తగా వెతకనక్కర్లేదు, ఆపరేషన్‌లో తీసిన ప్రతి కణితి తునకనూ మైనం దిమ్మలో పొదిగి ఆసుపత్రులు ఏళ్ల తరబడి దాచి ఉంచుతాయి. దానిలోంచి డీఎన్ఏ తీయవచ్చు.

మామయ్య కణితికి ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. రెండేళ్ల కిందటి దిమ్మను అడిగి తీసుకున్నాం. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది; అంచు మీద పెన్సిల్‌తో రాసిన నంబరు, తెల్లటి మైనం మధ్యలో మినపగింజంత గోధుమరంగు తునక. పంపేముందు మామయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులో చూశారు. మార్పు ఉందని తేలితే ఇకపై సిస్టోస్కోపీతో పాటు మూత్రంలో కూడా దాన్ని వెతికించవచ్చునని, గొట్టం పరీక్ష మాత్రం ఇప్పుడే ఆపేది లేదని డాక్టరు స్పష్టంగా చెప్పారు. రిపోర్టు ఇంకా రాలేదు.