ముందు ఏఐకి రోగి భాష నేర్పండి

హైదరాబాద్‌లో ఏ పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లినా సూడాన్, సోమాలియా, యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. రోగి, తోడుగా ఒకరిద్దరు బంధువులు, చేతిలో రిపోర్టుల ఫైలు. ఇలా వైద్యం కోసం దేశం దాటి రావడాన్నే హెల్త్ టూరిజం అంటున్నారు. అందులో ఏఐ అనగానే మనం చాట్‌బాట్‌లు, ప్యాకేజీ ధరలు, హోటల్ బుకింగ్‌ల గురించే మాట్లాడుతున్నాం. నన్నడిగితే ఆ డబ్బు, ఆ శ్రమ ముందు భాష మీద పెట్టాలి.

గుండె ఆపరేషన్ అయిన మనిషికి రక్తం పలచబడే మందు ఎలా వేసుకోవాలో ఎవరు చెబుతారు? డాక్టర్ చెప్పింది దుభాషీ ద్వారానే చేరుతుంది. ఆ దుభాషీ ఒక్కోసారి రోగిని తీసుకొచ్చిన ఏజెంటు మనిషే అవుతాడు. బిల్లు మీద కమీషన్ ఉన్నవాడి నోట డాక్టర్ మాట వినాల్సి రావడం నాకు భయంగానే ఉంటుంది.

ఇక్కడ ఏఐ అనువాదం బాగా అక్కరకొస్తుంది. అయితే గుడ్డిగా నమ్మకూడదు. అమెరికాలో ఎమర్జెన్సీ రోగులకిచ్చే డిశ్చార్జ్ సూచనలను గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో 7 భాషల్లోకి మార్చి చూశారు. 2021లో వచ్చిన ఆ అధ్యయనంలో స్పానిష్‌లో 94 శాతం సరిగ్గా వచ్చాయి, ఆర్మేనియన్‌లో 55 శాతమే. నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకోండి అన్న మాట ఆర్మేనియన్‌లో యుద్ధట్యాంకులను కూల్చే క్షిపణి వేసుకోండి అని మారిపోయింది! ఆ తర్వాత ఏఐ చాలా మెరుగుపడింది, నిజమే. కానీ నెట్‌లో రాత తక్కువగా ఉన్న భాషలు ఇప్పటికీ వెనకే ఉన్నాయి. సోమాలీ అలాంటిదే. 2022లో మొదలైన మన భాషిణి, అంటే కేంద్ర ప్రభుత్వ ఏఐ అనువాద వేదిక, భారతీయ భాషల కోసం కట్టింది. బంగ్లాదేశ్ రోగికి ఆ బెంగాలీ పనికొస్తుంది, సోమాలియా రాజధాని మొగదిషు నుంచి వచ్చినవాళ్లకు పనికిరాదు.

అందుకే మందు మోతాదు, తేదీలు, ప్రమాద లక్షణాలు ఉన్న ప్రతి వాక్యాన్నీ ఆ భాష తెలిసిన మనిషి, ఏజెంటుతో సంబంధం లేని మనిషి, సరిచూడాలి. ఆ సూచనలను రోగి ఫోన్‌లో ఆడియోగా పెట్టి పంపాలి. ఇంటికెళ్లాక కుట్టు వాచిందని ఫొటో పంపితే, ఏది అర్జెంటో ఏఐ వేరు చేసి డాక్టర్ ముందు పెట్టొచ్చు. రోగిని విమానం ఎక్కించాక మరిచిపోయే ఆసుపత్రుల అలవాటుకు అసలు మందు అదే.

ఇంకో చిక్కుంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం, సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో గానీ చదువుకునే వీలు ఇస్తుంది. ఆ జాబితాలో అరబిక్ లేదు, సోమాలీ లేదు. స్కాన్‌లు, రిపోర్టులు ఏఐకి ఇచ్చే ముందు ఆ కాగితాన్ని రోగికి సొంత భాషలో చదివి వినిపించే పని ఆసుపత్రులే తీసుకోవాలి.