సవరణ: జానీ డెప్, అంబర్ హర్డ్ తీర్పు గురించి

హాలీవుడ్ నటుడు జానీ డెప్, ఆయన మాజీ భార్య, నటి అంబర్ హర్డ్ ఒకరిపై ఒకరు వేసుకున్న పరువు నష్టం కేసులో జ్యూరీ హర్డ్ వాదనను పూర్తిగా తోసిపుచ్చిందనీ, ఆమె కోటిన్నర డాలర్లు కట్టాలనీ నా ముందటి పోస్టులో రాశాను. రెండూ తప్పే. అప్పటి కోర్టు వార్తలను మళ్లీ చదివి సరిచేస్తున్నాను.

2022 జూన్ 1న వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ జ్యూరీ డెప్‌కు కోటి డాలర్ల పరిహారం, దానిపై శిక్షగా మరో 50 లక్షలు ప్రకటించిన మాట నిజం. అయితే ఆ రాష్ట్ర చట్టం శిక్షా పరిహారానికి 3,50,000 డాలర్ల పరిమితి పెట్టింది. అందుకే జడ్జి మొత్తాన్ని కోటీ 3,50,000 డాలర్లకు తగ్గించారు.

అదే జ్యూరీ హర్డ్‌కు 20 లక్షల డాలర్లు ఇవ్వాలని కూడా చెప్పింది. ఆమె, ఆమె స్నేహితులు కాస్త వైన్ ఒలకబోసి, ఇల్లు చిందరవందర చేసి, పోలీసులకు ఫోన్ చేశారని డెప్ న్యాయవాది పత్రికతో అన్న మాట పరువు నష్టమేనని తేల్చింది. చాలామంది వదిలేస్తున్నది ఇదే. తీర్పు మీద వాదించేవారు దీన్ని దాటవేయడం న్యాయం కాదు.

2022 డిసెంబరులో హర్డ్ తరఫున డెప్‌కు 10 లక్షల డాలర్లు ఇచ్చేలా ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.